ట్యూబు గీసిన ఎర్రగీతలు

బుగ్గల మీద, ముక్కు రెక్కల పక్కన తేలే సన్నని ఎర్ర నరాలకు లేజరు ఉంది, సూది ఉంది, జెల్లు ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళేముందు అద్దం దగ్గరున్న అలమారాలో ఒకటి వెతకాలి.

ముఖచిత్రం ముందే ఖాయమైపోయింది. మంగళవారం మీటింగులో ఎడిటరుగారు కంప్యూటరు తెర నా వైపు తిప్పారు. ఎవరో విదేశీ మోడల్. తెల్లటి బుగ్గ, దాని నిండా అల్లుకున్న ఎర్రటి సన్నగీతలు. “వీటికి లేజరు వచ్చిందట కదమ్మా. ఏమేం పద్ధతులున్నాయో, ఎంతవుతుందో, ఎక్కడ చేస్తారో రాసెయ్.” అన్నారు. సరేనన్నాను గానీ నాకు ఆ బుగ్గతోనే పేచీ వచ్చింది. అది మన బుగ్గ కాదు.

వైద్యులు టెలాంజియెక్టేసియా అనే ఈ గీతలు చర్మం పైపొర కిందనే ఉండే అతిసన్న రక్తనాళాలు. ఏదో కారణాన వెడల్పయి, మళ్ళీ ముడుచుకోలేక అలాగే ఉండిపోతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదోవంతు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. తెల్లచర్మం వాళ్ళలో ఎక్కువగా ఏళ్ళ తరబడి ఎండ తినడం వల్ల, లేదా రోజేషియా అనే చర్మవ్యాధి వల్ల వస్తాయి. మన చామనఛాయలో అవే నరాలున్నా మెలనిన్ చాటున చాలావరకు కనబడకుండా పోతాయి. అందుకే మనవాళ్ళలో రోజేషియా ఉన్నా మొటిమలనుకుని వదిలేయడం మామూలు.

అయినా మన ముఖాల మీద కూడా ఈ గీతలు కొట్టొచ్చినట్టు కనిపించే సందర్భం ఒకటుంది. బుగ్గలు అసహజంగా గులాబీరంగు తేలి ఉంటాయి. చర్మం పలచబడి మెరుస్తూ ఉంటుంది. దాని మీద చిన్న చిన్న మొటిమలు, కొందరు ఆడవాళ్ళకు నూగు వెంట్రుకలు, వీటన్నిటి మధ్య ఎర్రగీతలు. ఎండలోకి వెళ్తే మంట, వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డా మంట. ఇలాంటి ముఖం చూసిన చర్మవైద్యులు ‘ఏమైంది’ అని అడిగేలోపే ‘ముఖానికి ఏం రాస్తున్నారు’ అని అడుగుతారు. లేజరు కోసం బయల్దేరిన నేను ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. లేజరు గురించి రాస్తాను, తప్పదు. ముందు ఒక అట్టపెట్టె గురించి చెప్పనివ్వండి.

పిన్ని ఇచ్చిన అట్టపెట్టె

మా పిన్నికి బుగ్గల మీద మంగు. పక్కింటావిడ చెప్పిందని మందులషాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. పది రోజుల్లో మంగు పలచబడింది, ముఖం తేటబడింది, పెళ్ళిలో నలుగురూ అడిగారు. అంతే, ట్యూబు అయిపోతే మళ్ళీ ట్యూబు. ఇప్పుడు ముక్కు పక్కన గీతలు తేలాయి. “వయసుకు వస్తాయేమోనే” అంటుంది. ట్యూబు చూపించమంటే, “మందులషాపులో ఇచ్చిందే కదే, రోడ్డు పక్కన కొన్నానా?” అని కాస్త కోపంగానే తెచ్చి చేతిలో పెట్టింది. అట్టపెట్టె కూడా ఉంచింది, మళ్ళీ కొనేటప్పుడు చూపించడానికి. మందుల పెట్టెలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఈసారి ఆ పిచ్చి పనికొచ్చింది.

ముందువైపు పెద్ద అక్షరాల్లో బ్రాండు పేరు. దాని కింద, కళ్ళజోడు లేకపోతే కనిపించనంత చిన్నగా మూడు మందులు: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. మొదటిది చర్మం రంగు తయారీని అడ్డుకుంటుంది. రెండోది పైపొర త్వరగా రాలి కొత్తది వచ్చేలా చేస్తుంది. ఆ రెండూ కలిస్తే చర్మం రేగుతుంది కాబట్టి దాన్ని అణచడానికి మూడోది. ఆ మూడోదే స్టెరాయిడు.

ఈ మూడింటి కలయిక మోసపు సరుకేమీ కాదు. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1975లో సహపరిశోధకుడు విల్లిస్‌తో కలిసి ఇలాంటి ముక్కూటమి మందునే ప్రకటించాడు. మంగుకు ఇప్పటికీ దానికి దీటైనవి తక్కువ. తేడా అంతా మూడో మందు మోతాదులోనూ వాడకం గడువులోనూ ఉంది. 2002లో అమెరికాలో అనుమతి పొందిన ముక్కూటమి క్రీములో స్టెరాయిడు ఫ్లూసినొలోన్ 0.01 శాతం. అది బలహీనమైన రకం. వాడకం 8 వారాల దాకానే అని దాని లేబులు చెబుతుంది. పిన్ని పెట్టెలోని మొమెటాసోన్‌ను బ్రిటన్ వైద్యులు శక్తిమంతమైన స్టెరాయిడ్ల తరగతిలో లెక్కేస్తారు.

ఇక గడువు. పెట్టెను ఆరువైపులా తిప్పాను. ఎన్ని వారాలు రాయాలో ఎక్కడా లేదు. ‘మోతాదు’ అన్నచోట ఇంగ్లీషులో ఒకే ముక్క: వైద్యుడు చెప్పినట్టు. పిన్నికి ఏ వైద్యుడూ ఏమీ చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది, ఆవిడకు పార్లరమ్మాయి చెప్పింది. పక్కన ‘ఆర్ఎక్స్’ గుర్తు, షెడ్యూల్ హెచ్ మందు అనీ, వైద్యుడి చీటీ మీదే చిల్లరగా అమ్మాలనీ హెచ్చరిక. పెట్టె మొత్తం మీద తెలుగు అక్షరం లేదు. పరీక్ష కోసం ఆ పెట్టె పట్టుకుని మా వీధి చివర షాపుకు వెళ్ళి అదే ట్యూబు అడిగాను. “ఒకటా, రెండా మేడమ్?” అన్నాడు. చీటీ ఊసే లేదు. ముఖానికి రాసుకోవచ్చా అంటే, “అందరూ ముఖానికే తీసుకెళ్తారు మేడమ్” అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు.

తెలుపును కొలిచే పరీక్ష

ముఖానికి స్టెరాయిడు రాస్తే తెల్లగా ఎందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే 1962 నాటి ఒక పరీక్ష దొరికింది. ఈ కథనం మొత్తంలో నన్ను కుర్చీలోంచి లేపింది అదే.

పైపూత స్టెరాయిడ్లలో ఏది ఎంత ఘాటో తేల్చే తేలికైన దారి అప్పటికి లేదు. మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. స్టెరాయిడును ఆల్కహాలులో కరిగించి ముంజేతి మీద చుక్కలుగా పెట్టి, పైన మూసి ఉంచారు. మర్నాడు తెరిచి చూస్తే చుక్క పెట్టినచోట చర్మం పాలిపోయి ఉంది. స్టెరాయిడు అక్కడి సన్న రక్తనాళాలను బిగించేస్తుంది, రక్తం తగ్గిన చర్మం తెల్లబడుతుంది. ఎంత తెల్లబడితే మందు అంత ఘాటు. ప్రపంచమంతా పైపూత స్టెరాయిడ్లకు కట్టిన ర్యాంకులు చాలావరకు ఈ పాలిపోయే పరీక్ష పునాది మీద నిలిచినవే. ఒక కంపెనీ క్రీము ఇంకో కంపెనీ క్రీముకు సమానమా కాదా తేల్చడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1995లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఈ పరీక్షనే చెప్పింది.

అంటే మన అమ్మాయిలు, అబ్బాయిలు అద్దంలో చూసుకుని మురిసిపోయే ఆ తెలుపు ప్రయోగశాలలో మందు ఘాటుకు కొలబద్ద. పది రోజుల్లో పనిచేసిందంటే నరాలు పది రోజులుగా బిగుసుకుని ఉన్నాయన్నమాట.

నెలల తరబడి బిగించి ఉంచిన నాళం మందు ఆపిన రోజున ఊరుకోదు. బారుగా తెరుచుకుంటుంది. ఈలోగా మందు ఇంకో పని చేసి ఉంటుంది. చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ తయారుచేసే కణాల పని మందగించి, నాళాలను చుట్టూ పట్టి ఉంచే ఆసరా తగ్గిపోయి ఉంటుంది. పైపొర పలచబడి ఉంటుంది. వెడల్పయిన నాళం, దన్నులేని గోడ, పలచటి పరదా, ఈ మూడూ కలిస్తే ఎర్రగీత బయటికి కనబడుతుంది. మొదట్లో వచ్చిన తెలుపు, చివర్లో వచ్చిన ఎరుపు రెండూ ఒకే నరానివి. క్రీముల ప్రకటనల్లో ‘ముందు–తర్వాత’ అని రెండు ఫొటోలు వేస్తారు. మూడో ఫొటో ఎక్కడా వేయరు.

ఇది పిన్ని ఒక్కదాని కథ అయితే ముఖచిత్ర కథనంలోకి ఎక్కించేదాన్ని కాదు. దేశంలో 12 కేంద్రాల్లో చర్మవైద్యులు కలిసి చేసిన ఒక పరిశీలన 2011లో వాళ్ళ పత్రికలో వచ్చింది. ముఖం మీద ఏదో ఒక సమస్యతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది ముఖానికి స్టెరాయిడు రాస్తున్నారు. అందులో 126 మంది దాన్ని తెల్లబడే క్రీముగానో, గడ్డం గీసుకున్నాక రాసుకునేదిగానో, మామూలు ముఖం క్రీముగానో వాడుతున్నారు. 104 మంది మొటిమలకు రాస్తున్నారు. స్టెరాయిడే మొటిమలు తెప్పిస్తుందన్నది వేరే సంగతి. 257 మందికి ఆ మందు చెప్పింది వైద్యులు కాదు. 392 మందికి దుష్ఫలితాలు కనిపించాయి. గడ్డం గీసుకున్నాక రాసుకోవడం అన్న ముక్క దగ్గర నేను కాసేపు ఆగాను. ఆడవాళ్ళ అందాల యావ అని కొట్టిపారేసే మగవాళ్ళు ఆ ముక్క ఇంకోసారి చదువుకోవచ్చు. కోల్‌కతా వైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ 2016లో రాసిన వ్యాసంలో ఈ స్థితిని చర్మం మందుకు బానిస కావడంగా వర్ణించారు. రాస్తే తప్ప ముఖం ఊరుకోదు కాబట్టి ఆ మాట అతిశయోక్తి కాదు.

చట్టం ఏం చేస్తోంది అంటారా? 1945 నాటి ఔషధ నియమావళిలో షెడ్యూల్ హెచ్ అనే జాబితా ఉంది. వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులవి. స్టెరాయిడ్ల పేర్లు అందులో ఉన్నాయి. అయితే జాబితా చివర్న ఒక గమనిక కూడా ఉంది. కంటి, చెవి, ముక్కు మందులు తప్ప పైపూతకు వాడే మిగతా వాటిని ఈ జాబితా నుంచి మినహాయించింది ఆ గమనిక. మాత్రగా అమ్మితే చీటీ కావాలి, ట్యూబులో అమ్మితే అక్కర్లేదు అన్నట్టు తయారైంది. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఇందుకోసమే ప్రత్యేక దళం పెట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడాక, 2018 మార్చిలో కేంద్రం 14 పైపూత స్టెరాయిడ్లను పేరుపేరునా షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. లేబులు మీద హెచ్చరిక వచ్చింది. కౌంటరు దగ్గర ఏం మారిందో వీధి చివర షాపులో చూశాను కదా.

మొదటి వైద్యం ఆపడమే, అదే అన్నిటికన్నా కష్టం

గీతలు స్టెరాయిడు వల్ల వచ్చినవైతే లేజరు క్లినిక్కుకు ఫోను చేయడం ఆఖరు మెట్టు. మొదటి మెట్టు ట్యూబు పక్కన పెట్టడం. చెప్పడం తేలిక. పిన్ని నా మాట విని ఆపింది. కొద్దిరోజులకే ముఖం ఎర్రగా పొంగి, మండి, మొటిమలు తేలి, అద్దం ముందు నిలబడి నన్ను తిట్టింది. తిట్టి మళ్ళీ ట్యూబు తీసింది. చాలామంది ఇక్కడే వెనక్కి జారతారు. రాస్తే తగ్గుతోంది కదా, అంటే మందు మంచిదే కదా అన్న లెక్క. ఆ తగ్గడం నాళాలు మళ్ళీ బిగుసుకోవడమే.

ఈ మంట కొన్ని వారాలు ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకు కొన్ని నెలలు కూడా పట్టవచ్చు. అందుకే వైద్యుల పర్యవేక్షణ కావాలి. కొందరికి ఒక్కసారిగా ఆపిస్తారు, చాలాకాలంగా ఘాటైనది రాసినవాళ్ళకు బలహీనమైన స్టెరాయిడుకు దింపి మెల్లగా మాన్పిస్తారు. స్టెరాయిడు కాని టాక్రోలిమస్ పూత, మొటిమలుంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర (గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు), చల్లటి తడిగుడ్డ, సువాసనల్లేని మాయిశ్చరైజరు, రోజూ సన్‌స్క్రీను. పసుపు, నిమ్మరసం, పార్లరు బ్లీచింగు, స్క్రబ్బు ఏవీ దగ్గరికి రానీయకూడదు. పిన్నిని చివరికి ప్రభుత్వాసుపత్రి డీవీఎల్ (చర్మవ్యాధుల) విభాగానికి తీసుకెళ్ళాను. ఇప్పుడు అక్కడి చీటీ ప్రకారం నడుస్తోంది, నా మీద నమ్మకం మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

ఆపాక ఏం తగ్గుతుంది, ఏం మిగులుతుంది? పైపొర మళ్ళీ మందం పుంజుకుంటుంది. పరుచుకున్న ఎరుపు నెలల మీద తగ్గుతుంది. సన్నటి గీతలు కొన్ని కలిసిపోతాయి. బాగా వెడల్పయి స్థిరపడ్డవి మాత్రం ఉండిపోతాయి. లేజరుకు అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ముఖం ఇంకా మండుతుండగా, ట్యూబు ఇంకా రాస్తుండగా లేజరు చేయించుకోవడం డబ్బు దండగ. పలచబడి రేగి ఉన్న చర్మానికి ప్రమాదం కూడా.

కాంతి ఎలా కాలుస్తుంది

లేజరు గదిలో జరిగేది చిన్న చిక్కుముడి లాంటిది. చర్మం కాలకూడదు, కింద ఉన్న నరం మాత్రం కాలాలి. దీనికి రెండు తాళాలున్నాయి. ఒకటి రంగు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ, పసుపు కాంతిని బాగా పీల్చుకుంటుంది. అందుకే 532 నానోమీటర్ల కేటీపీ లేజరు, 585–595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజరు ఈ పనికి పేరుపడ్డాయి. రెండోది సమయం. పోపులో ఆవాలు చిటపటమనగానే మూకుడు దించేస్తాం చూడండి, ఇంకాస్త ఉంచితే మొత్తం మాడుతుంది. అలాగే వేడి నరంలోంచి చుట్టుపక్కలకు పాకేలోపు కాంతి ఆగిపోవాలి. సెకనులో వెయ్యోవంతుల లెక్క అది. నరం ఎంత లావో లెక్క అంత మారుతుంది. అలా కాలిన నరం గోడలు అతుక్కుని మూసుకుపోతాయి, శరీరం మెల్లగా దాన్ని తొలగించుకుంటుంది. రక్తానికి వేరే దారులు బోలెడు ఉంటాయి కాబట్టి ఈ నరం పోయినందువల్ల ముఖానికి నష్టం లేదు.

ఇంతవరకూ ప్రకటనల్లో చెబుతారు. చెప్పనిది మెలనిన్ సంగతి. కాంతి నరాన్ని చేరాలంటే ముందు పైపొరలోని మెలనిన్‌ను దాటాలి. 532 దగ్గర మెలనిన్ కూడా కాంతిని ఆబగా పీల్చేస్తుంది. తెల్లచర్మంలో దాటిపోయే కాంతి మన చర్మంలో దారిలోనే వేడిగా మారుతుంది. ఫలితం బొబ్బ, నెలల తరబడి పోని నల్లమచ్చ, ఒక్కోసారి తెల్లమచ్చ. ఒకే మెరుపులో ఎన్నో తరంగదైర్ఘ్యాలు వదిలే ఐపీఎల్ యంత్రంతోనూ ఇదే భయం. చర్మాన్ని రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం 1975లో పుట్టినప్పుడు అందులో తెల్లచర్మపు రకాలే నాలుగున్నాయి. గోధుమ, నలుపు ఛాయలకు అయిదు, ఆరు అంకెలు తర్వాత చేర్చారు. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల్లో పడతాం.

మన ఛాయకు ఎక్కువగా సూచించేది 1064 నానోమీటర్ల లాంగ్‌పల్స్‌డ్ ఎన్‌డీ–యాగ్. కంటికి కనబడని ఈ కాంతిని మెలనిన్ పెద్దగా పట్టించుకోదు, లోతుకు దిగుతుంది, ముక్కు పక్కన నీలంగా కనబడే కాస్త లావు నరాలను కూడా అందుకుంటుంది. చిక్కేమిటంటే రక్తం కూడా దీన్ని తక్కువే పీల్చుకుంటుంది. కాబట్టి శక్తి పెంచాలి. పెంచేకొద్దీ సరిపోయిన మోతాదుకూ గుంట మచ్చ పడే మోతాదుకూ మధ్య ఎడం తగ్గిపోతుంది. ముక్కు రెక్కల దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు, ఒకేచోట పదేపదే కొట్టని చెయ్యి, ముందుగా చెవి ముందు భాగంలోనో దవడ కిందనో చిన్న చోట పరీక్ష తప్పనిసరి. యంత్రం ఖరీదైనదని క్లినిక్కులు చెప్పుకుంటాయి. నేనైతే దాని వెనక కూర్చున్నదెవరని అడుగుతాను.

ఇక మామూలు సంగతులు. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఒకటి నుంచి నాలుగు సిట్టింగులు పట్టవచ్చు. పల్స్‌డ్ డై లేజరు కొన్ని సెట్టింగుల్లో వారం నుంచి రెండు వారాల దాకా ఊదారంగు కమిలిన మచ్చలు మిగులుస్తుంది, పెళ్ళి ముందు పెట్టుకోకండి. ఎండకు నల్లబడి వచ్చిన ముఖం మీద చేయరు. పోయిన నరం చాలావరకు పోయినట్టే. అయితే కారణం అలాగే ఉంటే పక్కన కొత్తది పుడుతుంది.

లేజరు లేని ఊళ్ళోనూ దారి ఉంది. వెంట్రుకంత సూదిలోంచి స్వల్పంగా విద్యుత్తు పంపి నరాన్ని ఒక్కోచోట కాల్చడం. ఎలక్ట్రోకాటరీ, రేడియోఫ్రీక్వెన్సీ పేర్లతో చాలా చర్మ క్లినిక్కుల్లో ఉండే పరికరమే. ముక్కు పక్కన నాలుగైదు విడి గీతలుంటే దీనితో సరిపోతుంది, ఖర్చూ తక్కువ. బుగ్గంతా పరుచుకున్నవాటికి పనికిరాదు. చెయ్యి బరువైతే చిన్న గుంటలు, మచ్చలు. కాళ్ళ నరాలకు చేసే ఇంజెక్షన్ పద్ధతిని, అదే స్క్లెరోథెరపీని, ముఖం మీద సాధారణంగా చేయరు. ముఖంలో నాళాలకు కంటి నాళాలతో సంబంధముంది, మందు అటు వెళ్తే చూపుకే ముప్పు.

చరిత్ర, గుక్క తిప్పుకోకుండా

పేజీలో చోటు లేదు కాబట్టి వేగంగా: కార్టిసోన్ అనే స్టెరాయిడు మహిమకు 1950లో కెండాల్, రైక్‌స్టీన్, హెంచ్‌లకు నోబెల్, 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను పూతమందుగా చూపించారు, 1960లో మైమన్ మొదటి లేజరు వెలిగించాడు, సిన్సినాటిలో లియాన్ గోల్డ్‌మన్ దాన్ని చర్మం మీద పరీక్షించాడు, తర్వాత వచ్చిన ఆర్గాన్ లేజరు నరాలతో పాటు చర్మాన్నీ కాల్చి మచ్చలు మిగిల్చింది, 1983లో ఆండర్సన్, పారిష్ పైన చెప్పిన రెండు తాళాల సిద్ధాంతం రాశారు, దాన్నిబట్టి పల్స్‌డ్ డై లేజరు వచ్చింది. అది పుట్టుకతో ముఖం మీద ముదురు ఎర్రమచ్చలున్న పసిపిల్లల కోసం తయారైన యంత్రం. బుగ్గల మీది గీతలు తీయడం తర్వాత దానికి దొరికిన ఉపవృత్తి.

బాక్స్: ఇంట్లోనే ఒక పరీక్ష

ఎర్రగీత మీద గాజుగ్లాసు పక్కభాగం మెల్లగా నొక్కండి. మాయమై, తీయగానే తిరిగి వస్తే అది నాళమే. మధ్యలో చుక్క, చుట్టూ కాళ్ళలా గీతలుంటే మధ్య చుక్కను పెన్ను మొనతో నొక్కండి. కాళ్ళు మాయమై, వదలగానే మధ్య నుంచి బయటికి నిండితే దాన్ని స్పైడర్ నీవస్ అంటారు. గర్భిణుల్లో ఇవి మామూలే, కాన్పు తర్వాత చాలావరకు పోతాయి. మెడ, ఛాతీ మీద గుంపుగా తేలితే కాలేయం పరీక్ష చేయించాలి.

అందానికి సంబంధం లేని సూచనలు ఇంకొన్ని. ముక్కు నుంచి తరచూ రక్తం కారడం, పెదవుల మీద, నాలుక మీద ఎర్రచుక్కలు, ఇంట్లో ఇంకొకరికీ అలాగే ఉండటం వంశపారంపర్య నాళవ్యాధికి గుర్తు కావచ్చు. ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా నాళాలు చూడాల్సి వస్తుంది. చలికి వేళ్ళు పాలిపోవడం, చర్మం బిగుసుకోవడం ఉంటే స్క్లెరోడెర్మా అనుమానించాలి. ఎండకు రెండు బుగ్గలూ ఎర్రబడి కీళ్ళనొప్పులుంటే లూపస్. వీటిలో ఏది ఉన్నా లేజరు బోర్డు కాదు, వైద్యుల ఓపీ వెతకాలి.

బాక్స్: ముక్కులో చుక్కలు, బుగ్గకు క్రీము

రోజేషియా ఎరుపుకు అమెరికాలో 2013లో బ్రైమోనిడిన్ 0.33 శాతం జెల్, 2017లో ఆక్సీమెటజోలిన్ 1 శాతం క్రీము అనుమతి పొందాయి. ఆక్సీమెటజోలిన్ అంటే జలుబు చేసి ముక్కు బిగిస్తే వేసుకునే చుక్కల్లోని మందే. ఈ రెండూ నాళాలను కొన్ని గంటలు బిగిస్తాయి, ఎరుపు తగ్గుతుంది, సాయంత్రానికి తిరిగి వస్తుంది. కొందరిలో మునుపటికన్నా ఎర్రగా వస్తుంది. స్థిరపడ్డ గీతలను ఇవి తీయవు. స్టెరాయిడు ముఖానికి ఇవి సొంతంగా కొని రాయడం ఒక బిగింపు వదిలి ఇంకో బిగింపు పట్టుకోవడమే. మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్, అజెలాయిక్ యాసిడ్ పూతలు రోజేషియా పొక్కులకు మంచివి, గీతలకు కావు. తాత్కాలికంగా కప్పడానికి ఆకుపచ్చ ఛాయ కన్సీలరు, దానిపైన మీ రంగు ఫౌండేషను చాలు. ఎర్రదనాన్ని పచ్చదనం చంపేస్తుంది. మేకప్ వేసేవాళ్ళకు ఇది తెలిసిన విద్యే.

బాక్స్: మన సుబ్బారావుగారి గుమ్మం

రేగిన ముఖానికి ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ పనిచేసింది లెడర్లీ ప్రయోగశాలలో. అప్పుడు అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948లోనే ఆయన పోయారు. ముఖచిత్రం మీద విదేశీ బుగ్గ వేసినందుకు పరిహారంగా లోపలి పేజీలో ఆయన ఫొటో వేయమని ఎడిటరుగారిని అడిగాను. చూద్దామన్నారు.

బాక్స్: లేజరు క్లినిక్కులో అడగండి

చేసేది ఎవరు? ఎండీ లేదా డీఎన్‌బీ డీవీఎల్, లేకపోతే డీడీవీఎల్ చదివిన వైద్యులా, కోర్సు చేసిన టెక్నీషియనా? పేరుతో పాటు వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద ఉందా?

యంత్రం ఏది, ఎన్ని నానోమీటర్లు? ‘అమెరికా మెషిన్’ అన్నది జవాబు కాదు. ఐపీఎల్‌ను లేజరని చెబుతుంటే ఆ క్లినిక్కు గుమ్మం దిగేయండి.

నా ఛాయ వాళ్ళకు ఇంతకుముందు చేశారా? చేసిన ముఖాల ఫొటోలు, కొన్ని నెలల తర్వాత తీసినవి, ఉన్నాయా?

పరీక్ష మచ్చ వేస్తారా, దాన్ని కొన్ని వారాలు చూశాకే ముందుకెళ్తారా? ‘ఈ రోజే చేస్తే తగ్గింపు’ అంటే వద్దనండి.

మీరు దాచకూడనివి కూడా ఉన్నాయి: ముఖానికి ఏ ట్యూబు ఎంతకాలం రాశారో (అట్టపెట్టె పట్టుకెళ్ళండి), రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నారా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుతున్నారా, గర్భమా, దెబ్బ తగిలినచోట గడ్డకట్టిన మచ్చ పడే ఒళ్ళా.

ప్రతి సిట్టింగు తర్వాత తరంగదైర్ఘ్యం, శక్తి, పల్స్ సమయం, కొట్టిన చుక్క వెడల్పు చీటీ మీద రాయించుకోండి. ఊరు మారినా, వైద్యులు మారినా తర్వాతివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీయే చెబుతుంది.